'అబ్సార్బింగ్' – మ్రింగబడుటయా, తన్మయమగుటయా?





ధ్యానము, భజన, ప్రవచనము, దేవతాదర్శనము – వీనిని గూర్చి మాటలాడునపుడు విద్యావంతులైన భక్తులు ఈ మధ్య ఒక ఆంగ్ల విశేషణమును విరివిగా వాడుచున్నారు. "ప్రవచనం చాలా అబ్సార్బింగ్‌గా ఉందండీ" అందురు. "జపంలో పూర్తిగా అబ్సార్బ్ అయిపోయాను స్వామీ" అందురు. వారి భక్తిని శంకింపబని లేదు. కాని ఆ సాయంకాలమే వారు చూచిన చలనచిత్రమునకును, రాత్రి పొద్దుపోవువరకు వ్రేలితో జరుపుచు కూర్చుండిన ఫోనులోని దృశ్యములకును అదే విశేషణము వాడబడుచున్నది. ఒకే పదము రెంటికిని సరిపోవుచున్నదనిన, ఆ రెండు స్థితులును ఒకటే యని మనస్సు మెల్లగా నమ్ముటకు అవకాశము కలదు. ఈ విశేషణము రెండవదానికి చక్కగా తగును, మొదటిదానికి తగదు. ఎందులకు తగదో విచారించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

నేను వేదపాఠశాలలో పెరిగినవాడను. ఆంగ్లము నాకు అధ్యయనభాష కాదు. అయినను యాస్కుని నిరుక్తము చదివినవానికి ఏ భాషలోని పదము కనబడినను "నీ ధాతువేది?" అని అడుగవలెనను బుద్ధి పుట్టుచుండును. అట్లు అడిగినచో ఈ పదము తన కథను తానే చెప్పుచున్నది.

'అబ్సార్బ్' అను క్రియ లాటిను భాషలోని 'అబ్సోర్బేరే' నుండి ఫ్రెంచి మీదుగా 15వ శతాబ్దిలో ఆంగ్లమున ప్రవేశించినది. అందు 'అబ్' అనునది ఉపసర్గ. 'నుండి, దూరముగా' అని దాని అర్థము. 'సోర్బేరే' అనగా పీల్చుట, జుర్రుట. రెండును కలిసి 'పూర్తిగా పీల్చివేయుట, మ్రింగివేయుట' అను అర్థమును ఇచ్చుచున్నవి. మొదట ఇది భౌతికమైన మాట. దూది నీటిని పీల్చును. ఇసుకనేల వానను ఇంకించుకొనును. సుడిగుండము నావను మ్రింగును. ఒక విషయము మనుష్యుని చిత్తమును సంపూర్ణముగా లోగొనుట అను లాక్షణికార్థము తరువాత 18వ శతాబ్దిలో ఏర్పడినది. అనగా నేడు మనము మెచ్చుకోలుగా వాడుచున్న ఈ విశేషణము అడుగున ఒక నోరు కలదు. ఆ నోరు దేనినో మ్రింగుచున్నది.

మ్రింగునది ఏది? మ్రింగబడునది ఏది? ఇదియే ప్రధానమైన ప్రశ్న.

వ్యాకరణదృష్టితో చూడుడు. 'అబ్సార్బింగ్' అయిన పుస్తకము అనినపుడు, మ్రింగు క్రియకు పుస్తకము కర్త, చదువరి కర్మ. పుస్తకము పని చేయుచున్నది. చదువరిపై పని జరుగుచున్నది. పాణిని కర్తకు చెప్పిన లక్షణము స్వాతంత్ర్యము. ఆ స్వాతంత్ర్యము ఇచ్చట జడమైన విషయమునకు పోయినది. చేతనుడైన మనుష్యుడు దానికి ఆహారమైనాడు. ఆంగ్లేయులు తమ భాషలో తెలిసియే ఇట్లు చెప్పుకొనిరి. వారి పదము వారి అనుభవమునకు నిజాయితీగలదే. వేడుక కొరకు చదువు కథ మనలను కొంతసేపు మ్రింగి మరల వెలుపల విడిచిపెట్టుట వారికి ఇష్టమైన వినోదము. అందు దోషము లేదు. దోషమెల్ల ఆ పదమును తెచ్చి సాధనకు తగిలించుటలో నున్నది.

ఈ విశేషణమునకు తోబుట్టువులవంటివి మరి రెండు కలవు. మొదటిది 'ఎంగ్రోసింగ్'. 'మొత్తముగా, టోకుగా' అను అర్థముగల ఫ్రెంచి పదబంధము దీనికి మూలము. విపణిలోని ధాన్యమంతయు ఒక్కడే టోకుగా కొని దాచి, ధర పెంచి అమ్ముకొనుటను ఇంగ్లండులో ఈ పేరుతో నేరముగా పరిగణించిరి. 1552లో దానికి వ్యతిరేకముగా శాసనము చేసిరి. 1844లో గాని ఆ నేరము చట్టమునుండి తొలగింపబడలేదు. అట్లు ధాన్యమును గుత్తగా పట్టిన వర్తకుని పనియే తరువాత మనస్సును గుత్తగా పట్టు విషయమునకు పేరైనది. నేటి ఫోనుతెరను తలచుకొన్నచో ఈ పదము ఎంత యథార్థమో వేరుగా చెప్పనక్కరలేదు. మన చిత్తమను గాదెను ఎవరో టోకుగా కొనుచున్నారు. అమ్ముచున్నామను స్పృహ మనకు లేదు.

రెండవది 'ఇమ్మర్సివ్'. ఇది వేరు జాతిది, మనకు బంధువు. దీని మూలము లాటినులోని 'మెర్గెరే'; ముంచుట అని అర్థము. సంస్కృతములోని 'మస్జ్' ధాతువు దీనికి సోదరి యని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. సంస్కృత, గ్రీకు, లాటిను భాషలు ఒకే మూలమునుండి పుట్టియుండవలెనని సర్ విలియం జోన్స్ 1786లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ సభలో పలికినదానికి ఇట్టి జంటలే సాక్ష్యములు. మగ్నుడు, నిమగ్నుడు, మజ్జనము – ఇవన్నియు ఆ ధాతువునుండి వచ్చినవే. అర్చామూర్తికి జరుపు తిరుమంజనములోని 'మంజనము' కూడ ఈ మజ్జనమే. ఇంతకును ధాతుపాఠము ఈ ధాతువునకు చెప్పిన అర్థమేమి? కేవలము మునుగుట కాదు, శుద్ధి. మన పూర్వులకు మునుగుట యనగా శుభ్రపడి పైకి వచ్చుట. గోదావరిలో మునిగినవాడు తిరిగి గట్టెక్కి తడిబట్టతో సంకల్పము చెప్పుకొనును. పైకి రానిచో దానిని స్నానమనరు. దానికి వేరే పేరు కలదు.

ఇక మన శాస్త్రములలోని పదములను పరిశీలింతము.

'అబ్సార్ప్షన్' అను శాస్త్రీయపదమునకు మన పాఠ్యపుస్తకములలో 'శోషణము' అని వ్రాయుదురు. జీర్ణమైన ఆహారము ప్రేగులలో శోషింపబడుట, కాంతి శోషింపబడుట అని పిల్లలు చదువుచున్నారు. 'శుష్' ధాతువునకు ఎండుట అని అర్థము. ఒకటి పీల్చుకొనుచుండగా రెండవది ఎండిపోవుననుట లోకసిద్ధము. చిత్తమును విషయము పీల్చుకొన్నపుడు ఎండిపోవునది చిత్తమే. గంటలకొలది తెరను చూచి లేచినవాని ముఖమును గమనించినవారికి ఇది తెలియును. ఇక్కడ గీతాచార్యుని మాట స్మరింపదగినది. రెండవ అధ్యాయమున ఆత్మను ఆయుధము ఛేదింపలేదని, అగ్ని దహింపలేదని, నీరు తడుపలేదని చెప్పి, వాయువు శోషింపజేయలేదని భగవానుడు పలికెను. ఆత్మ 'అశోష్యము' అని స్పష్టముగా నిర్దేశించెను. అనగా ఏ విషయమును ఆత్మను పీల్చుకొనజాలదు. పీల్చబడినది ఏదైన నున్నచో అది మనస్సు మాత్రమే. "నేను అబ్సార్బ్ అయితిని" అను వాక్యములోని 'నేను' ఎవరో ఆలోచించిన, ఆ వాక్యము వేదాంతదృష్టిలో నిలువదు.

తరువాతిది 'లయము'. 'లీ' ధాతువునకు అంటుకొనుట, హత్తుకొనుట అని అర్థము. లీనమగుట, విలీనమగుట దీనినుండియే వచ్చినవి. దేవుడు నెలకొనియుండు 'ఆలయము' కూడ ఈ ధాతుసంతానమే. ఇది మన హృదయమునకు దగ్గరి పదము. అయినను మన ఆచార్యులు దీనిని సాధనలో ఎంత జాగరూకతతో వాడిరో చూడుడు. గౌడపాదాచార్యులు మాండూక్యకారికలలోని అద్వైతప్రకరణమున సుషుప్తిలోని మనస్సును, నిగ్రహింపబడిన మనస్సును వేరుపరచిరి. సుషుప్తిలో మనస్సు లీనమగును. నిగ్రహింపబడిన మనస్సు లీనము కాదు. లయమునకు జారుచున్న చిత్తమును మేల్కొలుపవలెననియు వారే ఉపదేశించిరి. సదానందుని వేదాంతసారము సమాధికి నాలుగు విఘ్నములను లెక్కించినది: లయము, విక్షేపము, కషాయము, రసాస్వాదము. వానిలో మొదటిది లయము. అఖండవస్తువును అవలంబింపలేక చిత్తవృత్తి నిద్రపోవుటయే అచ్చట లయమని చెప్పబడినది.

కనుక ఆంగ్లములో పరమప్రశంసగా చెప్పబడుచున్నది మన వేదాంతములో విఘ్నముల పట్టికలో ప్రథమస్థానమున నున్నది! యోగసమాధిని, బౌద్ధుల ధ్యానభూమికలను ఆంగ్లమున 'అబ్సార్ప్షన్' అని అనువదించు సంప్రదాయము కలదు. అనువాదకులకు వేరు మాట దొరకక అట్లు వ్రాసియుందురు. కాని ఆ అనువాదమును మరల తెలుగులోనికి తెచ్చి, దానినిబట్టి మన సాధనను కొలుచుకొనుట వక్రమార్గము. 'సమాధి' అనగా మ్రింగబడుట కాదు. చక్కగా, సమగ్రముగా నిలుపుట. సం, ఆ అను ఉపసర్గలతో కూడిన 'ధా' ధాతువు అది. నిలుపువాడు కర్త. పతంజలి మొదట చెప్పిన సమాధికి 'సంప్రజ్ఞాతము' అని పేరు. బాగుగా తెలిసియున్నదని దాని అర్థము.

గతవత్సరము విదేశములో ఉద్యోగము చేయుచున్న ఒక యువకుడు సెలవులకు వచ్చి మా ఆలయమునకు వచ్చెను. సంస్కారవంతుడు. "స్వామీ, రోజూ రెండు గంటలు ధ్యానంలో కూర్చుంటున్నాను. కూర్చున్నాక ఏమీ తెలియదు. పూర్తిగా అబ్సార్బ్ అయిపోతాను. ఇది సమాధేనా?" అని అడిగెను. "లేచాక ఎలా ఉంటుంది నాయనా?" అంటిని. కొంచెము తటపటాయించి "మళ్లీ కూర్చోవాలనిపిస్తుందండీ. ఎవరైనా పలకరిస్తే చిరాకు వస్తుంది. ఇంట్లో అమ్మకు ఒంట్లో బాగాలేదు, ఫోన్ చేయాలన్నా బరువుగా ఉంటుంది" అనెను. అప్పుడు అతనికి నేను చెప్పినది ఇంతే: "నాయనా, నిద్రలో కూడా ఏమీ తెలియదు. తెలియకపోవడం గుర్తు కాదు. ముందు అమ్మకు ఫోన్ చేయి. తరువాత కళ్లు కొంచెం తెరచి, నామం పైకి వినబడేలా జపం చేయి." అతని రెండు గంటలు వ్యర్థమని నేననను. కాని అతనికి దారి చూపవలసిన మాటయే అతనిని దారి తప్పించుచున్నది. 'అబ్సార్బ్' అను పదము తెలియకున్నచో, తనకు కలుగుచున్నది మత్తు అని అతడే గుర్తించియుండును.

మరి సాధనకు తగిన మాట ఏది? 'తన్మయము' అని నా మనవి. ముండకోపనిషత్తు రెండవ ముండకములో ఒక దివ్యమైన ఉపమానము కలదు. ప్రణవము ధనుస్సు, ఆత్మ బాణము, బ్రహ్మము లక్ష్యము. బాణమువలె తన్మయుడు కావలెనని శ్రుతి చెప్పుచున్నది. అదే మంత్రములో మరొక నియమమును చేర్చినది: ఏమరుపాటు లేనివాడే ఆ లక్ష్యమును కొట్టవలెను. తన్మయత్వమును, అప్రమాదమును శ్రుతి ఒక్క మంత్రములోనే బంధించినదని గమనింపుడు. లక్ష్యము బాణమును మ్రింగుట లేదు. ధనుస్సును వంచినవాడు, గురి నిలిపినవాడు, విడిచినవాడు మేల్కొనియున్నాడు. బాణము నిటారుగా, తన వేగముతో పోయి లక్ష్యముతో ఒకటియగుచున్నది.

'తన్మయ' పదములోని 'మయట్' ప్రత్యయము కూడ విచారణీయము. దీనికి వికారము అను అర్థమును, ప్రాచుర్యము అను అర్థమును కలవు. మట్టి వికారమైన కుండ మృణ్మయము; నిండియుండుట రెండవ అర్థము. బ్రహ్మసూత్రములలోని ఆనందమయాధికరణములో ఈ ప్రత్యయార్థమే చర్చకు వచ్చినది. ఏ అర్థమును గ్రహించినను తన్మయునిలో 'తత్' నిండియున్నది. సాధకుడు ఖాళీ కాలేదు, నిండినాడు. మ్రింగబడినవాడు తరుగును, తన్మయుడు పెరుగును. రెంటికి గల దూరము ఇదియే.

ఇచ్చట విజ్ఞులు ఒక ఆక్షేపమును తేవచ్చును. "నదులు నామరూపములను విడిచి సముద్రములో అస్తమించునట్లు విద్వాంసుడు పరమపురుషుని పొందునని అదే ముండకము మూడవ భాగమున చెప్పుచున్నది గదా? అది మ్రింగబడుట కాదా?" ఆక్షేపము బలమైనదే. అంతేకాదు, కఠోపనిషత్తులో బ్రాహ్మణక్షత్రియులు పరమాత్మకు అన్నమనియు, మృత్యువు ఆ అన్నములో కలుపుకొను వ్యంజనమనియు చెప్పబడినది. ఆ భోక్త ఎవరని విచారించి, చరాచరములను గ్రహించు పరమాత్మయే యని బ్రహ్మసూత్రములలో అత్త్రధికరణము నిర్ణయించినది. కనుక మ్రింగుట అను భావన మన శ్రుతికి అపరిచితము కాదు.

సమాధానము ఇది. శ్రుతి చెప్పిన భోక్త చైతన్యము, విషయము కాదు. నది సముద్రమును చేరినపుడు నశించునది పేరు, ఆకారము, నీరు నశింపదు. సముద్రము నదికి అన్యము కాదు, నీటికి నీరే. మ్రింగుటకు ఇద్దరు కావలెను. అచ్చట ఇద్దరు లేరు. నేటి వాడుకలో మ్రింగునది చిత్రము, కథ, తెర, శబ్దము – జడములు. చేతనుడు జడమునకు ఆహారమగుట ఒకటి. జీవుడు తన స్వస్వరూపమును తెలిసికొనుట మరొకటి. రెంటిని ఒక్క విశేషణముతో పిలుచుట విషమునకును ఔషధమునకును ఒకే సీసా వాడుటవంటిది.

మన తెలుగువారి వాడుకలో ఒక అందమైన పలుకుబడి కలదు. గొప్ప పండితుని గూర్చి "శాస్త్రములను ఆపోశన పట్టినాడు" అందురు. ఆపోశనము భోజనమునకు ముందు మంత్రపూర్వకముగా పుచ్చుకొను జలము. అగస్త్యుడు సముద్రమును త్రావినాడను కథ ఈ పలుకుబడికి తోడైనది. ఇచ్చట మ్రింగువాడు మనుష్యుడు; మ్రింగబడినది శాస్త్రము. గీత రెండవ అధ్యాయము చివర స్థితప్రజ్ఞునికి చెప్పిన ఉపమానమును ఇదే. ఎన్ని నదులు వచ్చి చేరినను సముద్రము చెలింపదు. అట్లే కామములన్నియు వచ్చి చేరినను చెలింపనివాడు శాంతిని పొందును. విషయములు మనలను పీల్చుకొనుట బంధము. మనము చెలింపక వానిని ఇముడ్చుకొనుట శాంతి.

వేదాధ్యయనములో దీనికి ప్రత్యక్షప్రమాణము కలదు. ఘనపాఠమును తీసికొనుడు. పదములను ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు, మూడు-రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు అని ముందునకు వెనుకకు త్రిప్పుచు, ప్రతి పర్యాయము సంధిని, స్వరమును సరిచూచుకొనుచు చెప్పవలెను. ఘనాపాఠి ఎంత ఏకాగ్రుడో చెప్పవలసిన పని లేదు. కాని ఒక్క క్షణము అతడు 'మ్రింగబడినచో' స్వరము తప్పును. ఎదుట కూర్చుండినవారు వెంటనే పట్టుకొందురు. అర్చకుడును అంతే. గర్భాలయములో దేవుని ముఖము చూచి మైమరచి నైవేద్యవేళను, దీపములోని చమురును, బయట ఎండలో నిలిచిన వృద్ధభక్తుని మరచినచో అది భక్తి యనిపించుకొనదు. ఒడలు మరచుట మహాత్ములకు కలుగును, వారికి నమస్కారము. మనవంటి సాధారణసాధకులకు మరపు గాక ఎరుకయే మార్గము.

ఈ చర్చ కేవలము మాటల పట్టింపు కాదు. నేడు కొన్ని చోట్ల ఆలయములకే ఈ లక్షణమును తేవలెనను ఉత్సాహము కనబడుచున్నది. పెద్ద తెరలు, రంగుదీపములు, చెవులు గింగురుమను వాద్యములు ఉన్నచో భక్తులు 'అబ్సార్బ్' అగుదురని కొందరి భావన. అలంకారము, నాదము, దీపము మన ఆగమములలోనివే, వానిని నిరసింపను. కాని ఆలయము మనస్సు వచ్చి హత్తుకొనవలసిన చోటు. మనస్సును లాగి మ్రింగు యంత్రము కారాదు. గంట మ్రోగిన తరువాత వచ్చు నిశ్శబ్దములో మంత్రము వినబడవలెను. ఆ నిశ్శబ్దమును గూడ శబ్దముతో నింపినచో భక్తునికి తనను తాను చూచుకొనుటకు చోటు మిగులదు.

సాధకులు తమ స్థితిని తామే పరీక్షించుకొనవచ్చును. లేచిన తరువాత మనస్సు తేలికగా, ప్రసన్నముగా నున్నదా, లేక ఇంకను కావలెనని వెంపరలాడుచున్నదా? కర్తవ్యము పిలిచినపుడు చిరాకు లేక లేవగలిగితిరా? మీరు తలచుకొన్నపుడు ఆపగలిగితిరా, లేక అదియే మిమ్ములను విడిచిపెట్టువరకు ఆగవలసివచ్చినదా? ప్రసాదము, ఔదార్యము, స్వాతంత్ర్యము మిగిలినచో అది తన్మయత. వెలితి, విసుగు, వివశత మిగిలినచో అది జపమాల చేతనుండి జరిగినను మ్రింగబడుటయే.

ఆంగ్లపదమును వాడవద్దని నేను శాసింపను. మంచి నవలను, మంచి ఆటను మెచ్చుకొనుటకు అది తగిన మాట. కాని ఇష్టదైవము ఎదుట కూర్చున్నపుడు ఆ మాటను గడపకు వెలుపల విడిచి రండు. అచ్చట మనలను మ్రింగుటకు ఎవరును నోరు తెరచి లేరు. మేల్కొనియున్నవానికై వేచియున్న లక్ష్యము మాత్రము కలదు.

శుభం భూయాత్.